డాబా మీద సాక్ష్యం

ప్రభువు నామమున అందరికీ వందనాలు అని మొదలుపెట్టాలి. ఆదివారం సాక్ష్యాల వేళ పాస్టరు భార్యే ముందు లేవాలి, ఆమె లేస్తేనే మిగతా ఆడవాళ్ళకు నోరు పెగులుతుంది, మా వాడలో మందిరం పెట్టిన నాటి నుంచీ అదే వరస. ఈ రోజూ ఆదివారమే. కాకపోతే మందిరం కిటికీల దాకా మున్నేటి నీళ్ళలో ఉంది, వాడంతా రాందాస్ గారి డాబా మీద ఉంది, నా భర్త గణేష్ ఆ నీళ్ళలోనే ఎక్కడో ఉన్నాడు. వాన సన్నబడింది గాని ఆగలేదు. నేను నీళ్ళ ట్యాంకుకు వీపు ఆనించి, ఏటి వైపు కాకుండా ఖమ్మం ఊరి వైపు ముఖం పెట్టి, దూరంగా మసక మసకగా కనబడే సెల్ టవరును చూస్తూ కూర్చున్నాను. ఏటి వైపు తిరిగితే ఆయన్ని వెతుకుతాను, వెతికితే కనబడడు, కనబడకపోతే నేను మనిషిని కాను. పోనీ ప్రార్థన చేద్దామంటే ప్రభువా, ఆయన్ని అన్న దగ్గరే నాలుక పిడచకట్టుకుపోతోంది. ఆ తర్వాత కాపాడు అనాలి, లేదా తీసుకురా అనాలి, ఏమని అడిగినా అవతల కాదనడానికి చోటుంటుంది కదా. నన్ను చిన్నప్పుడు చేరదీసిన శారదమ్మ అనేది, "అడగనీకి నోరు రాకపోతే కృతజ్ఞత చెప్పుకో జంపా, ఆ తోవన పోతుంటే నోరు అదే వస్తది." ఆ తోవనే పోదామని చూస్తున్నాను.

సరే. నన్నూ నా కుటుంబాన్నీ వారమంతా చల్లగా కాపాడిన దేవునికి స్తోత్రం, అందరూ ఇలాగే అందుకుంటారు, చల్లగా అనే మాట ఇవాళ వద్దులే, తడిబట్టల్లో పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి. ఈ డాబా కోసం స్తోత్రం. వాడ మొత్తంలో రెండంతస్తులున్నది ఈ ఇల్లొక్కటే, మిగతావన్నీ మావే, రేకులూ తడికెలూ పైన కప్పిన ప్లాస్టిక్ పట్టాలూ. రాందాస్ గారు ఇల్లందులో బొగ్గు బాయిలో బతుకంతా రాత్రి షిఫ్టులు చేసి, రిటైరయ్యాక ఏటి ఒడ్డున జాగా చవకని కొని ఇది కట్టుకున్నాడు. ఇక నుంచి ఎండ ముఖం మీద పడేదాకా పడుకుంటానని భార్య జమ్లితో చెప్పుకున్నాడట. మా మైకు పడుకోనిచ్చిందా. కోడి కూయకముందే గణేష్ వేకువ ప్రార్థన అందుకుంటాడు, మందిరం ముందు కర్రకు కట్టిన లౌడ్ స్పీకరు మూతి సరిగ్గా వాళ్ళ పడకగది కిటికీ వైపు ఉంటుంది. ఆయన లుంగీ ఎగ్గట్టుకుని మా గుమ్మం ముందుకొచ్చి నిలబడేవాడు. "ఏందయ్యా పాస్టరూ, మీ దేవునికి చెవుడా, గంతగనం మొత్తుకుంటవు?" గణేష్ నవ్వుతూ "దేవునికి కాదు సార్, చెవుడు మనకే" అనేవాడు. ఆ జవాబు వింటే నాకే ఒళ్ళు మండేది, ఆయనకు మండదా మరి. స్టేషన్లో కంప్లైంటు ఇచ్చాడు. పోలీసులు వచ్చి స్పీకరు మూతి ఏటి వైపు తిప్పించారు. అవతలి ఒడ్డు వాళ్ళు కూడా కంప్లైంటు ఇస్తే మళ్ళీ ఇటు తిప్పించారు. అప్పటి నుంచి జమ్లక్క రేషన్ షాపు దగ్గర నేను కనబడితే చేతిలో సంచీని అటు నుంచి ఇటు మార్చుకుని ముఖం తిప్పుకునేది, నేనూ తక్కువ తిన్నానా, నేనూ తిప్పుకునేదాన్ని.

మరి అలాంటి మనిషి ఇవాళ ఏం చేశాడో అది చెప్పకుండా సాక్ష్యం ఏమిటి. తప్పు మాదే అనాలో, ఈ వానలదనాలో తెలియదు. వారం నుంచీ ముసురు. గణేష్ ఏ కాలానికి ఆ ప్రసంగం ఎత్తుకునే మనిషి, ఎండాకాలంలో అరణ్యంలో మన్నా, వానాకాలంలో నోవహు ఓడ. సోమవారం మొదలుకుని రోజూ తెల్లారకముందే మైకులో అదే పాట, లేవండి, నీళ్ళొస్తున్నయి, ఓడలకు రండి, ఇంకా పండుకున్నరా అని. వాడ వాడంతా ఆ కేకకు అలవాటు పడిపోయింది. ఇవాళ నిజంగానే నీళ్ళొచ్చాయి. గణేష్ బయటికి వెళ్ళి చూసి, పరుగున వచ్చి, మైకుకు బ్యాటరీ తగిలించి, "లేవండి, నీళ్ళొస్తున్నయి, లేవండి" అని గొంతు చించుకుంటే అందరూ దుప్పటి ఇంకాస్త పైకి లాక్కున్నారు. పంక్చర్ షాపు నాగలక్ష్మి ఇందాకే చెప్పింది, "ఇయ్యాల అయ్యగారి గొంతు మంచిగున్నది అనుకొని అటు తిరిగి పండుకున్న అమ్మా." ఆమెను ఏమనను, నేనే స్టవ్వు ముట్టిస్తూ ఇవాళ బాగా అందుకున్నాడు, కానీ చివర చెప్పాల్సింది ముందే చెప్పేస్తున్నాడు అనుకున్నాను. గడప దాటిన నీళ్ళు పాదాలకు తగిలాక గాని అది ప్రసంగం కాదని నాకు తెలియలేదు.

అప్పుడు వచ్చాడు రాందాస్ గారు, ఎప్పటిలాగే లుంగీ ఎగ్గట్టుకుని, ఎప్పటిలాగే తిట్టడానికి. తిట్టు నోట్లో ఉండగానే మోకాలి లోతు నీళ్ళు చూశాడు, మైకు పట్టుకుని ఏడుపు గొంతుతో అరుస్తున్న గణేష్‌ను చూశాడు, ఒక్క ఇల్లూ తలుపు తీయకపోవడం చూశాడు. మైకు లాక్కున్నాడు. "నేను రాందాస్ ను. అవ్, రాందాస్ నే మాట్లాడుతున్న. ఇది కథ కాదురా నాయనా, మున్నేరు వాడలకొచ్చింది. పిల్లల్ని పట్టుకొని నా డాబా ఎక్కుండ్రి. జల్దీ." అంతే, తలుపులన్నీ తెరుచుకున్నాయి. పాస్టరు ఎన్నిసార్లు పిలిచినా కదలని వాళ్ళు, రాందాస్ మందిరం మైకు పట్టాడంటే లోకం నిజంగానే అంతమైపోతోందని లేచి ఉరికారు. నవ్వొస్తోంది. ఇలాంటప్పుడు నవ్వొచ్చినందుకు భయమూ వేస్తోంది. ఆ తిట్ల గొంతును ఇన్నేళ్ళు అరగకుండా కాపాడి ఇవాళ్టికి దాచిపెట్టినందుకు దేవునికి స్తోత్రం.

డాబా మీదికి చేరాక ఎవరి పిల్లలను వాళ్ళు, ఎవరి ముసలివాళ్ళను వాళ్ళు చూసుకుంటుంటే తేలింది, భీమక్క లేదు. వాడ చివర ఏటిని ఆనుకుని ఒంటరిగా ఉండే ముసలిది, ఒక కాలు ఈడుస్తూ ప్లాస్టిక్ సీసాలు ఏరుకుని బతుకుతుంది. శనివారం రాత్రి మాత్రం మందిరంలోనే పడుకుంటుంది, ఆదివారం అందరికంటే ముందు లేచి ఊడ్చి చాపలు పరవడం ఆమె మొక్కు, చీపురు ఇంకొకరు పట్టుకుంటే ఊరుకోదు. అందుకని వాడవాళ్ళంతా భీమక్క పాస్టరుగారి దగ్గరుందని నిశ్చింతగా వచ్చేశారు. మందిరం రేకులు కురుస్తున్నాయని నిన్న సాయంత్రం నేనే ఆమెను ఇంటికి పంపాను, పక్కవాళ్ళు తెస్తారులే అని నేనూ నిశ్చింతగా వచ్చేశాను. నాగలక్ష్మి వాళ్ళ షాపులోంచి తెచ్చిన ట్రాక్టర్ ట్యూబును గణేష్ భుజానికి తగిలించుకున్నాడు. రాందాస్ గారు లోపలి నుంచి బాయిలో వాడిన లావు తాడు తెచ్చి, "నువ్వు ఆటో నడిపేటోనివి, నీకు నీళ్ళ సంగతేం తెలుసు, నడువ్" అని తానే ముందు మెట్లు దిగాడు. ఏ గోడ ఎక్కడుందో, ఏ మురికికాలువ ఎక్కడ నోరు తెరుచుకుని ఉందో ఆయనకే తెలుసు, ఇల్లు కట్టేటప్పుడు ఈ నేలంతా కొలిచినవాడు. ఇద్దరూ సందు మలుపు తిరిగాక నేను ఇటు తిరిగి కూర్చున్నాను.

జమ్లక్క టీ తెచ్చింది. కట్టెల పొగ వాసన, అల్లం ఎక్కువైంది, నా చేతిలో పెట్టి మిగతా వాళ్ళ దగ్గరికి వెళ్ళింది. ఆమె మొగుడూ నీళ్ళలోనే ఉన్నాడు, అయినా పిల్లలకు రొట్టెలు కాల్చి తుంపి పెడుతోంది, మధ్యమధ్యలో ఆగి పెదవులు కదిలిస్తోంది, వాళ్ళ అమ్మవారికి మొక్కుకుంటోంది కాబోలు. నాకు మా అమ్మ గుర్తొచ్చింది. చర్ల దాటాక అడవిలో మా ఊరు. పెద్దల కథలో వాగులో పడి పోయిన వీరుడి పేరు నాకు పెట్టారు, జంపక్క అని, బాప్తిస్మం నాడు పెద్ద పాస్టరుగారు గ్రేసమ్మ అని మారుద్దామంటే గణేషే వద్దన్నాడు, నా పేరు గణేష్ అయినప్పుడు ఆమె పేరు జంపక్క అయితే ఏమైంది అని. మా ఊళ్ళో కొత్త పండగ చేసి దేవతకు పెట్టేదాకా చెట్టు నిండా మామిడికాయలున్నా పసిపిల్లలు కూడా నోట పెట్టరు. ఒకసారి నేను రాలిన కాయ తీసి కొరకబోతే అమ్మ చేతి మీద ఒక్కటిచ్చింది. "ముందుగాల మొక్కు, తర్వాత ముద్ద. ఇచ్చినోళ్ళను మరిచి తింటే అది తిండేనా?" ఆ తర్వాత శారదమ్మ ఖమ్మం నుంచి మందుల సంచీతో అడవి దారిలో నడిచి రావడం, జ్వరంతో మూలుగుతున్న నన్ను మంచంతో సహా మోయించి భద్రాచలం దవాఖానాకు చేర్చడం, అక్కడే హాస్టల్లో వేయడం, అన్నీ ఆ మాటకు కొనసాగింపులాగే ఉంటాయి నాకు. మా నాయన పగిడయ్య మందిరం గడప తొక్కలేదు, "చదువుకో బిడ్డా, ఎవలకన్నా మొక్కుకో, కొత్తలకు మాత్రం ఇంటికి రా" అన్నాడు. అలాంటి నాయననిచ్చినందుకు స్తోత్రం. మంచం మోసిన వాళ్ళ భుజాలకు స్తోత్రం, వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు.

గణేష్ కోసం స్తోత్రం, ఉన్నాడన్నట్టే చెబుతాను. కూసుమంచి నుంచి ఆటో ఒక్కటి వేసుకుని వచ్చి, పగలు కిరాయిలు, పొద్దునా రాత్రీ మందిరం. ఈ వాడలో మొదటి ఏడాది మమ్మల్ని ఎవరూ కూర్చోమనలేదు. బియ్యమిచ్చి మతం మారుస్తారంట అని ఎవరో అంటే, ఈయన "బియ్యముంటే ముందు మేమే తింటం కదక్కా" అన్నాడు, ఆ మాటకు నవ్వినవాళ్ళే మొదటి సంఘం. కాన్పు నొప్పులొచ్చినా, తాగి పడినా, పాము కరిచినా ఆటో ఆయనదే. పోయిన ఎండాకాలం గాలివానకు మందిరం రేకులు లేచి ఎక్కడెక్కడో పడ్డాయి, ఒకటి వచ్చి రాందాస్ గారి పెరట్లో బెండ మొక్కల మీద పడింది. ఆయన దాన్ని తెచ్చి మా గుమ్మం ముందు పడేసి, "దేవుని ఇంటికి నట్లు సరిగ్గ బిగించుకోరా మీరు?" అని మళ్ళీ లోపలికి వెళ్ళి, నట్లు బిగించే పానా తెచ్చిచ్చి పోయాడు. ఈయన ఆ రాత్రి అన్నం తింటూ, ఆ మనిషి మనల్ని తిట్టేటప్పుడు కూడా చేతిలో ఏదో ఒకటి పట్టుకొస్తడు చూసినవా అన్నాడు. నేను చూడలేదు. నాకు తిట్లే వినబడేవి. ఈయనకు మనుషుల చేతులు కనబడతాయి, దాని కోసం స్తోత్రం, ఆ కళ్ళ కోసం, చలికి తట్టుకోలేని ఆ ఒంటి కోసం, ప్రభువా, ఆయన్ని. మళ్ళీ అక్కడే ఆగిపోయాను.

మెట్ల దగ్గర అలికిడైంది. వచ్చిండ్రు, వచ్చిండ్రు అని ఎవరో అన్నారు, నేను ట్యాంకు పట్టుకుని లేచాను. ముందు భీమక్క. మెట్ల దగ్గరున్న కుర్రాళ్ళు ఇద్దరు మోసుకొచ్చి కూర్చోబెట్టారు, బట్టలోంచి నీళ్ళు కారుతున్నాయి, చీపురు ఒళ్ళో పెట్టుకుని "మందిరం ఊడ్వలేదు బిడ్డా" అంటోంది. వెనక రాందాస్ గారు. ఆయన వెనక మెట్లు ఖాళీ. బాయి ధూళి పేరుకున్న ఛాతీ, ఊపిరి అందక గోడకు ఆనుకుని దగ్గుతూ నా వైపు చూడకుండా చెప్పాడు.

"చెట్టు మీదున్నడు. ముసల్దాని ఇంటి పక్కల మునగచెట్టు. ట్యూబు ముగ్గుర్ని ఆపదు, ముందుగాల అవ్వను తీస్కపొండ్రి అన్నడు. చెట్టు వంగుతున్నది."

మునగచెట్టు. పిల్లలెక్కినా విరిగే చెట్టు. మళ్ళీ పోవాలంటే దారి తెలిసింది ఆయనొక్కడికే, అది అందరికీ తెలుసు, ఆయన ఊపిరి ఎలా ఆడుతోందో కూడా అందరికీ వినబడుతోంది. జమ్లక్క తన కొంగుతో ఆయన తల తుడుస్తోంది. ఆమె మొగుడు తిరిగొచ్చాడు. ఆమె అడిగిందేదో ఆమెకు దొరికింది. ఇక చాలు, కూర్చో అంటే ఎవరు తప్పుపడతారు, నేను తప్పుపడతానా, ఆమె చోట నేనుంటే ఆ తాడు దాచేసి ఉండేదాన్ని. దేవుణ్ణి అడగలేని నోరు జమ్లక్కను ఏమని అడుగుతుంది. ఆమె చేతులనే చూస్తూ నిలబడ్డాను.

జమ్లక్క వాళ్ళ లంబాడీ భాషలో ఏదో అడిగింది. ఆయన ఒక్క మాటలో జవాబిచ్చాడు. ఆమె కాసేపు తుడవడం ఆపింది. తర్వాత కొంగు పిండుకుని, తాడు కొస అందుకుని, డాబా పిల్లరు మీద పైకి లేచి ఉన్న ఇనుప చువ్వలకు కట్టింది, కట్టింది విప్పి మళ్ళీ గట్టిగా కట్టింది, రెండో కొస ఆయన నడుముకు చుట్టింది. ఈసారి మాకందరికీ అర్థమయ్యేలా తెలుగులో అన్నది.

"ఏం చూస్తున్నవ్, పో. పోయి తీస్కరా. ఆ పాస్టరు లేకపోతే రేపటి సంది పొద్దుగాల లేచి ఎవల్ని తిడతవ్?"

రాందాస్ గారు నవ్వబోయి దగ్గాడు. ట్యూబు తీసుకుని దిగాడు.

నేను ఏటి వైపు తిరిగి కూర్చున్నాను. జమ్లక్క వచ్చి నా పక్కనే కూర్చుంది. మా ఇద్దరి మధ్యలోంచే ఆ తాడు వెళ్తోంది, కొంచెం కదిలినప్పుడల్లా ఇద్దరం ఒకేసారి దాని మీద చెయ్యి వేస్తున్నాం. ఎర్రటి నీళ్ళ మీద చెప్పులు, గ్యాస్ సిలిండరు, ఎవరివో పుస్తకాలు, మందిరం చాపలు పోతున్నాయి. ఆయన రాకపోతే ఇప్పటిదాకా చెప్పిన స్తోత్రాలన్నీ వెనక్కి తీసుకుంటానా అని నన్ను నేనే అడిగాను. శారదమ్మ ఈ సంగతి చెప్పలేదు. అమ్మ చెప్పిన మొక్కు కూడా కాయ చేతిలో పడ్డాకే కదా. ఏమో, నాకంత విశ్వాసం లేదు, పాస్టరు భార్యనైనంత మాత్రాన ఉంటుందా. కానీ ఒకటి తెలుస్తోంది. జమ్లక్క పో అన్నది. చేతికి చిక్కిన మొగుణ్ణి నా మొగుడి కోసం మళ్ళీ నీళ్ళలోకి పంపింది. ఏం జరిగినా ఆ మాట అన్నది అన్నట్టే ఉంటుంది, దాన్ని ఈ నీళ్ళు కొట్టుకుపోలేవు. దాని కోసం స్తోత్రం అనబోయాను, ఆ మాట ఇంతసేపూ పైకి, మబ్బుల వైపు పంపుతున్నాను, ఇప్పుడు అటు పోవడం లేదు, పక్కకు తిరుగుతోంది. తాడు ఒక్కసారిగా బిగిసింది. చాలాసేపు అలాగే బిగిసి ఉంది. జమ్లక్క నా మణికట్టు పట్టుకుంది, ఆమె గాజులు నా ఎముకకు ఒరుసుకుపోతున్నా వదిలించుకోలేదు. తర్వాత తాడు వదులైంది. వదులవడం మంచిదో చెడ్డదో ఇద్దరికీ తెలియదు.

సందు మలుపులో నల్లగా ట్యూబు కనబడింది. దానికి అటొక తల, ఇటొక తల. "ఇద్దరు" అన్నది జమ్లక్క, మెల్లగా, తనకు తానే చెప్పుకుంటున్నట్టు. ఆ తర్వాత డాబా మీద జనమంతా తాడు పట్టుకుని లాగారు, స్తోత్రం అనేవాళ్ళు స్తోత్రం అన్నారు, అమ్మా తల్లీ అనేవాళ్ళు అలాగే అన్నారు. గణేష్ మెట్లెక్కి వచ్చాడు. మోచేతులు గీరుకుపోయి, పెదవులు నల్లబడి, గొంతు పూర్తిగా పోయి, నన్ను చూసి జంపా అన్నట్టు నోరు మాత్రం కదిలించాడు. జనం దారి ఇచ్చారు. నేను ఆయన దగ్గరికే వెళ్ళాలి. వెళ్దామనే లేచాను, కానీ నా కాళ్ళు నన్ను జమ్లక్క ముందుకు తీసుకెళ్ళాయి.

దేవునికి తప్ప మనిషి ముందు మోకరించకూడదని మా మందిరంలో మొదటి పాఠం. పెళ్ళిలో అత్తమామల కాళ్ళు కూడా మొక్కలేదు మేము. అంతమంది సంఘం చూస్తుండగా, తడి సిమెంటు మీద మోకాళ్ళూని జమ్లక్క పాదాల మీద నా నుదురు ఆనించాను. "అయ్యో, ఏంది పాస్టరమ్మా, లే, లే, అందరు చూస్తుండ్రు" అని ఆమె వెనక్కి జరిగింది. నేను లేవలేదు. గణేష్ ఏమంటాడో అని కూడా అనుకున్నాను, రేపు సంఘంలో ఎవరైనా అడిగితే ఆయనే జవాబు చెప్పాలి. నా పక్కన సిమెంటు మీద నీళ్ళు కారుతూ ఇంకెవరో మోకరించారు. చలికి వణికే ఆ భుజం నా భుజానికి తగిలాక తెలిసింది, గణేష్.